సెట్టింగుల మామయ్య, కోడలి హెడ్‌ఫోను

కంప్యూటరు కొన్నవాళ్లు ఏం చేస్తారు? పెట్టెలోంచి తీసి, వైరు గుచ్చి, అది అడిగిన ప్రతిదానికీ 'సరే, సరే, సరే' అని నొక్కుకుంటూ పోతారు. అదిగో, అక్కడే మామగారికి ఒళ్లు మండేది.

"ఇంటికి కొత్త మనిషొచ్చి, మీరెక్కడికెళ్లినా నాకు చెప్పి వెళ్లండి, మీరేం మాట్లాడుకున్నా పక్కనే కూచుని వింటుంటాను, మీ బీరువా తాళం కూడా ఇలా పడెయ్యండి అంటే ఇస్తామా? మెడ పట్టుకుని బయటికి గెంటమూ? మరి దీనికెందుకయ్యా సరే అంటారు!"

ఈ మాటలు ఆయన మామూలుగానే అన్నా వీధి చివరిదాకా వినిపించేవి. టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై రెండేళ్లు లైన్లు బాగుచేసిన మనిషి. ఆ యంత్రాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినపడాలంటే గొంతు చించుకోవాల్సిందే. ఉద్యోగం అయిపోయింది కానీ గొంతు మాత్రం రిటైరవలేదు. భార్య ఉన్నన్నాళ్లూ 'నెమ్మదిగా మాట్లాడండి మహానుభావా' అని మొత్తుకునేది. ఆవిడ పోయాక ఆ మాట అనే బాధ్యత కొడుకు తీసుకున్నాడు. కోడలు మాత్రం ఒక్కనాడూ అనలేదు.

రిటైరయ్యాక ఆయన పట్టుబట్టి కంప్యూటరు నేర్చుకున్నాడు. నేర్చుకుని ఊరుకున్నాడా? వీధిలో ఉన్న కంప్యూటర్లన్నిటినీ ఒక పట్టు పట్టాడు. కంపెనీవాడు తనకి లాభంగా ఉండేట్టు పెట్టి పంపిస్తాడు, మనకి లాభంగా ఉండేట్టు మనం మార్చుకోవాలి. ఇదే ఆయన సిద్ధాంతం. అక్కర్లేనివన్నీ ఆపేసి, అడగకుండా దూరినవన్నీ బయటికి పంపి, నత్తలా నడిచే కంప్యూటర్ని పరుగెత్తించి, ఒక టీ తాగి వచ్చేసేవాడు. పక్కింటి దర్జీ నుంచి ఎదురింటి టీచరమ్మ దాకా అందరూ ఆయన్ని 'సెట్టింగుల మామయ్య' అనేవాళ్లు. ముందు ఎగతాళికే అన్నారు, తర్వాత అదే పేరైపోయింది.

ఇన్ని ఇళ్లు చక్కబెట్టిన మనిషికి సొంత ఇంట్లో చెయ్యి పెట్టనివ్వని కంప్యూటరు ఒకటుంది. అది కోడలిది.

కోడలు ఇంట్లోనే కూచుని పనిచేసేది. ఊళ్లు తిరిగి మనుషుల్ని కలిసి, వాళ్ల బతుకుల గురించి ప్రశ్నలడిగే కంపెనీ ఒకటుంది. ఆ మాటలన్నీ రికార్డు చేసి పంపితే, హెడ్‌ఫోను పెట్టుకుని విని అక్షరం పొల్లుపోకుండా టైపు చెయ్యడం ఆమె పని. పరాయివాళ్ల కష్టసుఖాలు కాబట్టి ఆ గొంతులు గదిలో ఇంకెవరికీ వినపడకూడదు. హెడ్‌ఫోను తియ్యకూడదు, స్పీకర్లు పెట్టకూడదు. ఆ నియమం మామగారికి ఎంత నచ్చిందో చెప్పలేం.

"మంచి కంపెనీయే. కానీ నీ కంప్యూటరే దొంగల సత్రంలా ఉందమ్మాయ్. నాకో రెండు గంటలివ్వు" అనేవాడు.

"తర్వాత చూద్దాం మామయ్యా" అని తప్పించుకునేది. అదే ఆయనకి కొంచెం మనసులో గుచ్చుకుంది. ఈ మధ్య ఇంకోటి కూడా. హాల్లో వెళుతూ పిలిస్తే ఎంత గొంతుకైనా ఒక్కోసారి తిరిగి చూసేది కాదు. పెద్దవాణ్ణయిపోయాను, నేనంటే లెక్కలేదు కాబోలు అనుకున్నాడు. అనుకుని, అడగలేక, లోపలే పెట్టుకున్నాడు.

ఆఖరికి ఒక శనివారం ఆ కంప్యూటరే దారికొచ్చింది. ఆన్ చేస్తే తెరుచుకోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. కోడలు తల పట్టుకుని, "మీరే దిక్కు మామయ్యా. నాకు బయట పనుంది, వచ్చేలోపు చూసిపెట్టండి. ఆఫీసు ఫోల్డరు ఒక్కటీ తెరవకండి" అని పాస్‌వర్డు కొట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

"నేను తెరుస్తానా! ఎవరి దగ్గర చెబుతున్నావే!" అని ఆయన వెనకనుంచి కేకేశాడు. కేకేసి, అటక మీద దాచిన నిధేదో దొరికినట్టు కుర్చీ లాక్కుని కూచున్నాడు.

పక్కన పొడుగాటి నోటు పుస్తకం తెరిచాడు. ఎక్స్ఛేంజిలో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం అది. ఏ తీగ పీకినా, పీకకముందు అది ఎక్కడుండేదో రాసుకోవాలి. రాయకుండా పీకినవాడు ఊరందరి ఫోన్లూ చచ్చుబడేట్టు చేసి పారిపోతాడు.

ముందు, కంప్యూటరు తెరుచుకోగానే తమంతట తామే లేచి కూచునే ప్రోగ్రాములు. పద్దెనిమిది! ఎప్పుడో ఒకసారి వాడిన ప్రింటరు తాలూకుది, ఎన్నడూ ఆడని ఆటలది, వాతావరణం చెప్పేది. "కిటికీ తీస్తే వాన పడుతోందో లేదో తెలీదుట్రా దరిద్రుడా" అని దాన్ని తిట్టి ఆపాడు. మూడు మాత్రం ఉంచి, పదిహేను ఆపేశాడు. తర్వాత లొకేషను. గదిలోంచి కదలని కంప్యూటరు, అది ఎక్కడుందో గంటగంటకీ ఎవరికో చెప్పుకుంటోంది. ఆపాడు. మైకు వాడుకునే అనుమతి పదకొండు ప్రోగ్రాములకి ఉంది, కెమెరా అనుమతి తొమ్మిదిటికి. ఆపాడు. కిటికీలు ఊగుతూ, మెరుస్తూ తెరుచుకునే సోకులన్నీ తీసేశాడు. ప్రతిదీ పుస్తకంలో ఎక్కుతోంది.

అప్పుడు తెర పక్కన ఒక ప్రకటన కనిపించింది. చెవి మిషను. తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన చెవిలో ఏదో పెట్టుకుని పళ్లికిలిస్తున్నాడు. మామగారు దాన్ని మూశాడు. ఇంకో పేజీ తెరిస్తే అక్కడా చెవి మిషనే. ఇంకోచోట 'మీకు సరిగ్గా వినపడటం లేదా?' అని ప్రశ్న.

ఆయనకి ముక్కు మీదికి కోపమొచ్చింది. "ఎవడ్రా నీకు చెప్పింది నాకు చెవుడని? కాస్త గట్టిగా మాట్లాడితే చెవుడేనా? నా మాటలు విని ముసలాణ్ణని కనిపెట్టేశావా!" అని దాంతో పోట్లాట పెట్టుకున్నాడు. మైకు దొంగతనంగా విన్నదనడానికి ఇంతకంటే సాక్ష్యమేం కావాలి? ప్రకటనలకోసం మనిషి మీద కన్నేసి ఉంచే మీట వెతికి పట్టుకుని, దాన్ని ఆపి, పాత జాడలన్నీ తుడిపేసి, తిరిగి చూశాడు. ఈసారి ఎవరో చీపుర్లమ్ముతున్నారు. ఆయన అహం చల్లారింది.

చివరికి శబ్దం దగ్గరికొచ్చాడు. అక్కడ, ఎవరూ వెళ్లని మూలలో ఒక మీట ఆన్ చేసి ఉంది. ఎడమ చెవికి రావాల్సిందీ కుడి చెవికి రావాల్సిందీ కలిపి ఒకటే చేసి పంపించే మీట.

మామగారు కళ్లజోడు సర్దుకుని రెండోసారి చదివాడు. రెండు లైన్లు కలిసిపోవడమా! ముప్ఫై రెండేళ్లు ఆయన వానలో ఎండలో స్తంభాలెక్కి వేటాడింది ఆ జబ్బునే కదా. ఒకరి మాటల్లోకి ఇంకొకరి మాటలు దూరిపోయే జబ్బు. అది సొంత ఇంట్లో, కోడలి చెవుల్లో! పాపం పిల్ల, రోజుకి ఎనిమిది గంటలు ఈ కలగాపులగం వింటూ ఎలా పనిచేస్తోందో ఏమో. నలభై ఒకటో వరసలో 'ఉన్నది: ఆన్. చేసింది: ఆఫ్' అని రాసి, మీట ఆపేశాడు. హెడ్‌ఫోను పెట్టుకుని పరీక్ష చేశాడు. ఎడమవైపు ఒక గంట, కుడివైపు ఒక గంట, వేరువేరుగా, శుభ్రంగా మోగాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది.

కోడలు రాగానే ఆన్ చేసి చూపించాడు. నలభై సెకన్లలో తెరుచుకుంది. "అయ్యబాబోయ్!" అని ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. ఆయన ఉబ్బితబ్బిబ్బయిపోయాడు.

"ఇంకోటి చెప్పనా? చెవి మిషన్ల ప్రకటనలు కుప్పలుగా వచ్చిపడుతున్నాయి, నన్ను చూసే! అన్నీ తుడిచిపారేశాను. ఇక ఈ జన్మకి రావు."

కోడలి మొహంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "మంచి పని చేశారు మామయ్యా" అని మెల్లగా అని, బట్టలు మార్చుకోవాలంటూ లోపలికి వెళ్లిపోయింది. బయట తిరిగొచ్చి అలసిపోయింది కాబోలనుకున్నాడు ఈయన. మనిషికి అన్నీ తెలుసు, ఎదురుగా ఉన్నది తప్ప.

సోమవారం పొద్దున కొడుకు పనికి వెళ్లిపోయాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. కోడలు తన గదిలో కూచుంది. హాల్లో పేపరు చదువుకుంటున్న మామగారికి టైపు చప్పుడు వినపడుతోంది. కాసేపు నడిచింది. ఆగింది. మళ్లీ రెండు మాటలు. మళ్లీ ఆగింది. రోజూ ధారగా సాగే చప్పుడది. ఇవాళ దానికేమొచ్చిందని తొంగిచూశాడు. కోడలు హెడ్‌ఫోను తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంటోంది. కుడిచెవి మీద అరచేత్తో గట్టిగా అదుముకుంటోంది.

"ఏమ్మాయ్, కంప్యూటరేమైనా మొరాయిస్తోందా?"

"లేదు మామయ్యా, గాల్లో తేలుతోంది" అంది. అని, ఆయనవైపు తిరిగి, "మామయ్యా, మీరు ఏదైనా ఒక మాట రహస్యంగా అనండి. బాగా నెమ్మదిగా" అంది.

వింతగా ఉన్నా, కోడలు అడిగింది కదా అని ఆయన గొంతు తగ్గించి, "ఏమనాలి?" అన్నాడు. ఆయన రహస్యానికి గుమ్మం దగ్గరున్న పిల్లి ఉలిక్కిపడి పారిపోయింది. కోడలు నవ్వబోయింది. నవ్వు రాలేదు.

పదకొండు దాటాక టైపు చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. మామగారు మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్తే, కోడలు కుళాయి తిప్పి పెట్టి, ఆ నీళ్ల చప్పుడు చాటున, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఆయన గబగబా వెళ్లి కుళాయి కట్టేసి, "ఏమైంది తల్లీ? వాడేమైనా అన్నాడా? నేనేమైనా అన్నానా?" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇక దాచలేకపోయింది.

"నాకు ఎడమ చెవి వినపడదు మామయ్యా. పోయినేడు ఆ జ్వరమొచ్చింది చూడండి, అప్పుడే పోయింది, పూర్తిగా. ఎవరికీ చెప్పలేదు. కుడి చెవితోనే నెట్టుకొస్తున్నాను. రెండోది కూడా పాడవడం మొదలైతే ముందు సన్నటి గొంతులు పోతాయని డాక్టరు చెప్పాడు. ఇవాళ పోయాయి. ప్రశ్నలడిగే అమ్మాయిది సన్నటి గొంతు. శుక్రవారం దాకా బాగానే వినిపించింది. ఇవాళ ఆ అమ్మాయి ఒక్క మాటా వినపడట్లేదు. జవాబు చెప్పే ముసలాయన ఒక్కడే ఖాళీలోకి మాట్లాడుతున్నట్టుంది. నాలుగింటికల్లా పంపాలి. ఇప్పటికే ఒక ఫైలు తిప్పి పంపారు, ఇదీ తప్పయితే పని తీసేస్తారు. పని పోతే పోయింది. నాకు... నాకు మీరెవరూ వినపడకుండా పోతారు మామయ్యా."

మామగారు నిలబడ్డచోటే ఉండిపోయాడు. ఎడమ చెవి. హాల్లో ఆయన పిలిచేది ఎప్పుడూ ఎడమవైపు నుంచే, కుడి చెవి మీదేమో హెడ్‌ఫోను. చెవి మిషన్ల ప్రకటనలు ఎవరికోసమో అప్పటికి ఎక్కింది ఆయన బుర్రకి. లెక్కలేదనుకున్నానే అని తనని తానే తిట్టుకున్నాడు.

అంతలో నోటు పుస్తకం గుర్తొచ్చింది. నలభై ఒకటో వరస.

"అమ్మాయ్, ఆ ప్రశ్నలడిగే అమ్మాయి ఒక వైపు, ఆ ముసలాయన ఒక వైపు రికార్డవుతారా? చెరో మైకూనా?"

"ఏమో మామయ్యా. అవుననుకుంటా."

"నీ కంప్యూటర్లో రెండు వైపులూ కలిపే మీట నువ్వే పెట్టుకున్నావా?"

ఆమె అయోమయంగా చూసింది. "చెవి డాక్టరు దగ్గరుండే అమ్మాయి ఫోనులో చెప్తుంటే ఏదో నొక్కాను, ఏడాది కిందట. దాని పేరు కూడా గుర్తులేదు."

"నాకు గుర్తుంది. దాన్ని చంపింది నేనే. నీ చెవికేం కాలేదమ్మా! నా చెయ్యి విరగ, నేనే ఆపేశాను! ఆ పిల్ల గొంతు నీ ఎడమవైపుకి పోయి గోడకి తగులుకుంటోంది!"

ఈ మాట వీధంతా విన్నా ఆయనకి ఫర్వాలేకపోయింది. గదిలోకి పరుగెత్తాడు. అరవై ఆరేళ్ల మనిషి పరుగెత్తడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. తొందరలో రెండుసార్లు తప్పు పేజీ తెరిచాడు. మూడోసారి ఆ మూలకి చేరి మీట ఆన్ చేశాడు. హెడ్‌ఫోను తీసి, వెనకే వచ్చిన కోడలి చేతికిచ్చి, మర్యాదగా గుమ్మం అవతలికి వెళ్లి నిలబడ్డాడు. పరాయివాళ్ల మాటలు తను వినకూడదు కదా.

కోడలు హెడ్‌ఫోను పెట్టుకుంది. రికార్డింగు మళ్లీ మొదలెట్టింది. ఆయన ఆమె మొహమే చూస్తున్నాడు. ఆమె పెదాలు కదిలాయి, వింటున్న ప్రశ్నని తనూ అంటోంది.

"'మీ చిన్నప్పుడు మీ ఇంట్లో ఎవరెవరు ఉండేవాళ్లు?' అంటోంది మామయ్యా. వినపడుతోంది. ఇదిగో, నవ్వుతోంది కూడా!" అంది. అని, హెడ్‌ఫోను అలాగే ఉంచుకుని బల్లమీద తల వాల్చి బావురుమంది. ఆయన వెళ్లి ఆమె తల మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయనకీ కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ మధ్యాహ్నం వంట ఆయనే చేశాడు. ఉప్పు మర్చిపోయాడు, ఇద్దరూ అలాగే తినేశారు. నాలుగుకి పది నిమిషాలుండగా ఫైలు వెళ్లిపోయింది. అప్పుడు రెండు గ్లాసుల టీ తెచ్చి, కుర్చీ ఆమె కుడివైపు వేసుకుని కూచున్నాడు.

"ఎందుకు దాచావమ్మా? మేమేం పరాయివాళ్లమా?"

కోడలు గ్లాసు చుట్టూ వేళ్లు చుట్టుకుంది.

"మా అమ్మకి నలభై దాటాక రెండు చెవులూ పోయాయి మామయ్యా. మొదట్లో అందరూ అరిచి చెప్పేవాళ్లు. కొన్నాళ్లకి సైగలు చేశారు. తర్వాత అదీ విసుగొచ్చి, 'ఏం లేదులే' అనడం మొదలెట్టారు. అందరూ కూచుని నవ్వుకుంటుంటే అమ్మ మా మొహాలు చూసి తనూ నవ్వేది. దేనికో తెలీదు. 'ఏంటే, ఏమన్నారే?' అని నన్నడిగేది. నేనూ అన్నాను మామయ్యా, 'ఏం లేదులే అమ్మా' అని. ఎన్నిసార్లన్నానో లెక్కలేదు. అదే నాకూ జరుగుతుందని భయం."

మామగారు కుర్చీ ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"ఈ ఇంట్లో నేను కష్టపడకుండా వినగలిగేది మీ ఒక్కరి మాటే" అంది ఆమె కన్నీళ్లతోనే నవ్వి. "మిమ్మల్ని నెమ్మదిగా మాట్లాడమని ఆయన అన్నప్పుడల్లా నాకు ప్రాణం పోయేది."

"అలాగా! ఇక వాణ్ణి అననియ్యి, చెప్తా వాడి పని!" అన్నాడాయన ఉన్న గొంతంతా పెట్టి.

"ఆయనకి మాత్రం చెప్పకండి మామయ్యా."

ఆయన మొహం గంభీరమైపోయింది. "చూడమ్మా, ముప్ఫై రెండేళ్లు ఊరివాళ్ల మాటలన్నీ ఈ చెవుల్లో పడ్డాయి. పెళ్లి సంబంధాలు, పోట్లాటలు, చావులు. ఒక్క మాట ఇంటికి తెచ్చానా? మీ అత్తయ్యకైనా చెప్పానా? ఇది నీ సంగతి. చెప్తావో మానతావో నీ ఇష్టం. నా నోట్లోంచి రాదు."

చెప్పడం తేలికే. సాయంత్రం ఏడింటికి కొడుకు వచ్చి, కాళ్లు కడుక్కుని, ముగ్గురూ భోజనానికి కూచున్నాక ఆ మాట నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆయనకి తెలిసొచ్చింది. కొడుకు అలవాటుగా భార్యకి ఎడమవైపు కూచున్నాడు. పెద్ద కబురు పట్టుకొచ్చాడు. మధ్యాహ్నం ఒక లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల పెళ్లిచూపులకి వచ్చినవాళ్లూ, వాళ్లకి సంబంధం వద్దని చెప్పి పంపించేసినవాళ్లూ కలిసి ఇరుక్కున్నారు. ఇతను తలుపు తీసేసరికి గంటన్నర పట్టింది. బయటికొచ్చేసరికి సంబంధం ఖాయమైపోయింది! కొడుకు అన్నం కలపడం మానేసి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు, పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

కోడలు అతని మొహం చూసి తనూ నవ్వింది. ఎక్కడ నవ్వాలో సరిగ్గా అక్కడే నవ్వింది. మామగారికి అది చూసి ముద్ద దిగలేదు. అరవాలనిపించింది. మాటిచ్చాడు కాబట్టి పళ్ల బిగువున ఊరుకున్నాడు.

కొడుకు నవ్వు ఆపుకుని, "నువ్వయితే ఏం చేసేదానివి చెప్పు?" అని అడిగాడు.

కోడలు ఇంకా నవ్వుతూనే ఉంది. అతను మళ్లీ అడిగాడు. ఆమె మామగారి వైపు ఒక్కసారి చూసింది. ఆయన తల దించుకుని కంచంలోకి చూస్తున్నాడు. ఆమె నవ్వు ఆపేసింది.

"ఏవండీ, నాకు ఈ ఎడమ చెవి వినపడదు" అంది. "పోయినేడు జ్వరమొచ్చినప్పట్నుంచి. ఇప్పుడు మీరేం చెప్పారో నాకు తెలీదు. ఏడాదిగా మీరు చెప్పినవాటిలో సగం నేను వినలేదు. విన్నట్టు నటించాను."

"ఏమిటీ!" అని కొడుకు అరిచాడు. ఆ కేకకి ఆమె భుజాలు ముడుచుకుపోయాయి. మామగారు తలెత్తాడు. అయిపోయింది, మొదట్లో అందరూ అరిచేవాళ్లని కోడలు చెప్పింది కదా.

కొడుకు భార్య మొహంలోకి చూశాడు. డాక్టరెవరు, ఎందుకు చెప్పలేదు, మందులున్నాయా అని అడగాల్సినవన్నీ నోటిదాకా వచ్చి ఆగినట్టు మామగారికి కనపడుతూనే ఉంది. అతను ఎడంచేత్తో కంచం పట్టుకుని లేచాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఆమె కుడివైపు కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"సగం అంటే ఏ సగం?" అన్నాడు. అరవలేదు. రోజూ మాట్లాడే గొంతే.

"అదే తెలీదండీ."

అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"సరే అయితే. పోయినేడు ఎండాకాలం నుంచి మళ్లీ చెప్పుకుంటూ వస్తాను. విన్నవైతే విన్నానని చెప్పు, దాటేద్దాం. ఆ ఏడంతస్తుల ఆస్పత్రిలో లిఫ్టు బిగించడానికి వెళ్లాం చూడు, మొదటి రోజు ఏం జరిగిందంటే..."

"అది వినలేదు" అంది ఆమె.